వాననీటి రుసుము: చిన్న పట్టణాల ఆర్థికవనరులు - తిరువూరు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పట్టణాలలో వాననీటి కాలువల నిర్వహణకు స్థానికసంస్థలు ప్రత్యేకంగా ఒక రుసుము వసూలు చేసే విధానం అనేక దేశాలలో అమలులో ఉంది. ఇంటి విలువను కాక, ఆ స్థలం నుంచి కాలువలోకి చేరే వాననీటి పరిమాణాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం ఈ రుసుము ప్రత్యేకత. ఈ విధానం ఎలా పనిచేస్తుందో వివరించి, ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు వంటి నగరపంచాయతీకి అది ఏ మేరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పన్ను, రుసుము, తీరువా అనే పదాల మధ్య ఉన్న భేదం, చెరువుల నిర్వహణలో తెలుగువారి పూర్వానుభవం, రాజ్యాంగ పరిమితులు, చీరాల-పేరాల ఉద్యమం, ఇటీవలి చెత్తపన్ను అనుభవం ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: వాననీటి రుసుము, నగరపంచాయతీ, తిరువూరు, ఆస్తిపన్ను, నీటితీరువా, దశబంధం, చెత్తపన్ను, ఇంకుడుగుంత.

1. ఉపోద్ఘాతం:

తిరువూరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2011లో గ్రామపంచాయతీ స్థాయి నుంచి నగరపంచాయతీగా మారింది. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం ప్రకారం, పల్లె లక్షణాల నుంచి పట్టణ లక్షణాలకు మారుతున్న సంధిప్రాంతానికి ఏర్పాటుచేసే పాలనాసంస్థే నగరపంచాయతీ.

ఈ సంధిదశ వాననీటి ప్రవాహంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఊరు పల్లెగా ఉన్నప్పుడు వాననీరు పెరళ్లలోనూ తోటలలోనూ ఇంకేది. మిగిలిన నీరు కుంటలకో వాగుకో చేరేది. పెరడు సిమెంటు గచ్చుగా, తోట ఇళ్లస్థలాలుగా, మట్టిబాట సిమెంటు రోడ్డుగా మారినప్పుడు అదే వాన నుంచి పారే నీరు పెరుగుతుంది, తక్కువ సమయంలో ఒక్కసారిగా పల్లానికి చేరుతుంది. అప్పటిదాకా నేల ఏ ఖర్చూ లేకుండా చేసిన పనిని ఇకపై కాలువ చేయాలి. కాలువ తవ్వించాలి, ఏటా పూడిక తీయించాలి, ఆక్రమణలు తొలగించాలి. ఈ ఖర్చు ఎవరు భరించాలి, ఏ లెక్క ప్రకారం భరించాలి అన్నది ఇక్కడి ప్రశ్న.

2024 సెప్టెంబరు వరదల తరువాత ఎన్టీఆర్ జిల్లాలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. అప్పుడు బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వాగు ఉప్పొంగడం, వీధికాలువ పొంగడం వేరువేరు సమస్యలే అయినా, వీధిలోని నీరు చివరికి వాగులోకే పోవాలి కాబట్టి వాటి మధ్య సంబంధం తెగదు.

2. పన్ను, రుసుము, తీరువా:

వ్యవహారంలో ఈ మూడు మాటలనూ కలిపి వాడుతుంటారు. శాస్త్రచర్చలో వీటిని విడదీయడం అవసరం.

పన్ను చెల్లించినవాడికి ప్రత్యేకంగా ఒక సేవ అందాలన్న షరతు లేదు. అది సాధారణ నిధిలో చేరుతుంది, పాలకసంస్థ నిర్ణయించిన పనికి ఖర్చవుతుంది. రుసుము ఒక నిర్దిష్ట సేవకు ప్రతిఫలం. ఆ సేవ ఖర్చుకూ వసూలుచేసే మొత్తానికీ పొంతన ఉండాలి. 'రుసుము' అరబ్బీ మూలం నుంచి పాలనావ్యవహారం ద్వారా తెలుగులో స్థిరపడిన మాట.

వ్యవసాయంలో నిలిచిన మూడోమాట 'తీరువా'. నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు ఉన్న తిరువూరు ప్రాంత రైతులకు నీటితీరువా పరిచితమే. 1988 నాటి నీటిపన్ను చట్టానికి 1996లో జరిగిన సవరణ ప్రకారం, మొదటి తరగతి నీటివనరు కింద మొదటి మాగాణి పంటకు ఎకరాకు 200 రూపాయలు, ఆరుతడి పంటకు 100 రూపాయలుగా ధర నిర్ణయమైంది. ఇందులో భూమి మార్కెట్ విలువ ప్రసక్తి లేదు. ఎంత నేల, దానికి ఎంత నీరు పట్టే పంట అన్న రెండు విషయాలే కొలమానం. చట్టం పేరులో 'పన్ను' అని ఉన్నా, కొలిచే పద్ధతిలో ఇది రుసుముకు దగ్గరగా ఉంటుంది.

వాననీటి రుసుముకు తెలుగులో దొరికే సమీప పోలిక ఇదే. నీటితీరువా పొలానికి తెచ్చిన నీటికి చెల్లించేది. వాననీటి రుసుము స్థలం నుంచి బయటికి పంపిన నీటికి చెల్లించేది. రెండింటిలోనూ కొలత విస్తీర్ణమూ, ఆ విస్తీర్ణాన్ని వాడుకున్న తీరూ.

3. తెలుగునేల పూర్వానుభవం:

నీటికట్టడాన్ని నిర్మించడం కన్నా దానిని కాపాడుకోవడం కష్టమని తెలుగునేల చాలాకాలం క్రితమే గుర్తించింది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును గురించి చెబుతూ, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, 6 దోషాలను పేర్కొంటుంది. కట్టడానికి ముందే దోషాలను లెక్కించి చూసుకోవాలన్న దృష్టి అందులో కనిపిస్తుంది.

నిర్వహణకు శాశ్వతమైన ఆదాయాన్ని ముడిపెట్టిన ఏర్పాటు దశబంధం. చెరువు తవ్వించినవారికి, బాగుచేయించేవారికి దాని కింది భూమిలోనో, భూమిపై వచ్చే ఆదాయంలోనో పదోవంతును ఇనాముగా కేటాయించే పద్ధతి ఇది. చెరువు బాగుంటే ఆయకట్టు పండుతుంది. ఆయకట్టు పండితేనే దశబంధందారుకు ఆదాయం వస్తుంది. సేవకూ ప్రతిఫలానికీ మధ్య బంధం కంటికి కనిపించేలా ఉండటం దీని బలం.

రెండోది కుడిమరామత్తు. కాలువల పూడికతీత, చిన్నచిన్న గండ్లు పూడ్చడం వంటి పనులను ఆయకట్టు రైతులు తమ శ్రమతో చేసుకునే ఆచారమిది. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం ద్వారా ఈ ఆచారానికి చట్టబలం ఇవ్వాలని చూసింది. ఊరి కట్టుబాటు సడలినచోట చట్టం ఒక్కటే దానిని నిలబెట్టలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం నీటివినియోగదారుల సంఘాలను ఏర్పాటుచేసి, నిర్వహణ బాధ్యతను తిరిగి లబ్ధిదారుల చేతికి ఇచ్చే ప్రయత్నం చేసింది.

ఈ సంప్రదాయం సాగునీటికి సంబంధించినది. పట్టణపు వాననీటికి ఇలాంటి కట్టుబాటు ఏర్పడలేదు. చెరువు నిండితే అందరికీ లాభం కనిపిస్తుంది. వీధికాలువ శుభ్రంగా ఉన్నప్పుడు మాత్రం ఎవరూ దానిని గమనించరు, పొంగినప్పుడే అందరికీ గుర్తొస్తుంది. కనిపించని సేవకు డబ్బు సమకూర్చడంలో ఉన్న చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

4. ప్రస్తుత ఆర్థిక ఏర్పాట్లలో వాననీటి స్థానం:

74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో పట్టణసంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. తాగునీరు, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ, రోడ్లు, వంతెనలు వాటిలో ఉన్నాయి. వాననీటి పారుదల అన్న మాట విడిగా లేదు. పారిశుద్ధ్యంలోనో రోడ్లలోనో దానిని చేర్చి చదువుకోవాలి.

ఆర్థికసంఘం నిధులలోనూ ఇదే స్థితి. 2021-26 కాలానికి 15వ ఆర్థికసంఘం పది లక్షలలోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని నిర్దిష్ట పనులకు ముడిపెట్టింది. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగాలకు, మిగిలిన సగం పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాలకు. వాననీటిని నిలువచేయడానికి అందులో పేరు ఉంది కాని, పారించడానికి లేదు. 2015లో మొదలైన అమృత్ పథకంలో వాననీటి కాలువలు ఒక భాగంగా ఉన్నప్పటికీ, ఆ పథకం ప్రధానంగా లక్ష జనాభా దాటిన నగరాలకు ఉద్దేశించింది. చిన్న నగరపంచాయతీలు ఆ పరిధిలోకి రాలేదు.

పెద్ద నగరానికి గ్రాంటు వచ్చినా సమస్య తీరిపోదనడానికి విజయవాడ నిదర్శనం. అక్కడి వాననీటి కాలువలకు 2015లో కేంద్రం 461 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2024 వరదల నాటికి కూడా ఆ పనులు పూర్తికాలేదు. గ్రాంటు ఒకసారి వచ్చేది. పూడిక ప్రతి ఏడూ చేరేది. వీటి కాలగతులు వేరు కావడం వల్ల, గ్రాంటుతో కట్టిన కాలువకు కూడా నిర్వహణకోసం స్థానికంగా ఒక స్థిరమైన ఆదాయం కావాలి.

మిగిలింది ఆస్తిపన్ను. దీనిలో 'కాలువ' అన్న భావన కొత్తది కాదు. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనూ, 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టంలోనూ ఆస్తిపన్ను భాగాలలో నీరు-మురుగుపారుదల పన్ను ఒకటి. సాధారణ అవసరాలు, దీపాలు, పారిశుద్ధ్యం తక్కినవి. అంటే, కాలువకోసం జనం నూరేళ్లకు పైగా ఏదో ఒక రూపంలో చెల్లిస్తూనే ఉన్నారు. అయితే ఆ భాగానికి కొలత ఇంటి విలువే తప్ప, ఆ ఇంటి నుంచి పారే నీరు కాదు.

2020 చట్టసవరణతో ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్ను లెక్క వార్షిక అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారింది. 2021 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. ఏటా పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితి పెట్టారు. మూలధన విలువ పద్ధతికి దాని ప్రయోజనాలు దానికి ఉన్నా, వాననీటి విషయంలో అది తలకిందుల ఫలితం ఇవ్వగలదు. బజారుకు దగ్గరగా, పెద్ద పెరడుతో ఉన్న పాత పెంకుటింటి స్థలానికి విలువ ఎక్కువ, దాని నుంచి పారే నీరు తక్కువ. ఊరి చివర చౌక స్థలంలో మొత్తం గచ్చు చేసిన గోదాముకు విలువ తక్కువ, పారే నీరు ఎక్కువ. ఖాళీస్థలాలపై వేసే పన్ను కూడా విలువను బట్టే ఉంటుంది. వాననీటి దృష్టితో చూస్తే ఆ ఖాళీస్థలం నీటిని ఇంకించుకుని ఊరికి మేలు చేస్తున్నది.

5. రుసుము లెక్క:

వాననీటి రుసుము ఆధారపడే సూత్రం సులువైనది. ఒక స్థలం నుంచి పారే నీరు మూడు అంశాల గుణకారఫలం: స్థలం విస్తీర్ణం, కురిసిన వాన, ప్రవాహ గుణకం. వానలో ఎంత భాగం ఇంకకుండా పారుతుందో గుణకం చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం 2019లో వెలువరించిన వాననీటి పారుదల మార్గదర్శిలోనూ కాలువల రూపకల్పనకు ఈ సూత్రమే ప్రధానం.

ఉదాహరణకు 200 చదరపు గజాల ఇంటిస్థలాన్ని తీసుకుందాం. అది సుమారు 167 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ స్థలంపై పడే నీరు సుమారు 8,350 లీటర్లు. స్థలమంతా స్లాబు, గచ్చు అయి గుణకం 0.9 అనుకుంటే దాదాపు 7,500 లీటర్లు వీధిలోకి వస్తాయి. అదే స్థలం మట్టినేలగా ఉండి గుణకం 0.3 అయితే 2,500 లీటర్లే వస్తాయి. పూర్తిగా గచ్చు చేసిన ఒక ఎకరం ఆవరణ నుంచి, అది రైసుమిల్లు కళ్లమైనా కల్యాణమండపమైనా, అదే వానకు సుమారు 1,82,000 లీటర్లు పారుతాయి. అంటే 24 ఇళ్ల నీరు ఒక్క చోటి నుంచి వస్తుంది.

ప్రతి ఇంటినీ ఇలా కొలవడం చిన్న సంస్థకు భారం. అందుకే ఈ విధానం పాటించే నగరాలలో చాలావరకు ఒక సగటు ఇంటిలోని ఇంకని నేల విస్తీర్ణాన్ని ఒక ప్రమాణంగా తీసుకుంటాయి. దానిని ఇక్కడ 'సమగృహ ప్రమాణం' అనవచ్చు. ఇళ్లన్నిటికీ ఒక ప్రమాణమో, చిన్న, మధ్య, పెద్ద అన్న మూడు తరగతులో పెడతారు. వ్యాపార, సంస్థాగత ఆవరణలను మాత్రమే విడిగా కొలుస్తారు. ప్రమాణం 100 చదరపు మీటర్లనుకుంటే, 4,000 చదరపు మీటర్ల గచ్చు ఉన్న ఆవరణ 40 ప్రమాణాల రుసుము చెల్లిస్తుంది.

ఈ రుసుములో మరో ముఖ్యాంశం రాయితీ. ఇంకుడుగుంత తవ్వినవారు, పెరడును మట్టినేలగా ఉంచినవారు, పైకప్పు నీటిని తొట్టిలో నిలువచేసినవారు తక్కువ చెల్లిస్తారు. ఆస్తిపన్ను తగ్గాలంటే ఆస్తి విలువ తగ్గాలి. అది ఎవరూ కోరుకోరు. వాననీటి రుసుము తగ్గాలంటే నీటిని ఇంకించాలి. అది ఊరికీ, భూగర్భజలానికీ మేలు. రాయితీ లేని వాననీటి రుసుము ప్రవర్తనను మార్చే శక్తిని కోల్పోయి, మరో పన్నుగా మిగులుతుంది.

6. ఇతర దేశాల అనుభవం:

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ పట్టణం 1974లో వాననీటికి ప్రత్యేక వినియోగసేవా విభాగం ఏర్పాటుచేసి, స్థలం విస్తీర్ణాన్నీ కట్టడాల సాంద్రతనూ బట్టి రుసుము విధించింది. ఆ తరువాత ఈ పద్ధతి ఆ దేశంలో వందలాది పట్టణాలకు వ్యాపించింది.

ఫిలడెల్ఫియా అనుభవం భారతీయ పట్టణాలకు మరింత ఉపయోగకరం. అక్కడ ముందు వాననీటి ఖర్చును నీటిమీటరును బట్టి వసూలు చేసేవారు. పెద్ద వాహనశాలల ఆవరణలకు నీటి కనెక్షన్ ఉండదు కాబట్టి, ఎంతో నీటిని కాలువలోకి పంపుతున్నా అవి ఏమీ చెల్లించలేదు. 2010 నుంచి నివాసేతర స్థలాలకు మొత్తం విస్తీర్ణాన్నీ, ఇంకని నేల విస్తీర్ణాన్నీ కలిపి లెక్కించే పద్ధతికి ఆ నగరం దశలవారీగా మారింది.

జర్మనీలో న్యాయస్థానాల తీర్పుల ప్రభావంతో మురుగునీటి రుసుమును రెండుగా విభజించారు. వాడుకనీటికి ఘనపు మీటర్ల లెక్క, వాననీటికి ఇంకని నేల చదరపు మీటర్ల లెక్క. ఒకే కాలువలో రెండు నీళ్లు పారినా వాటి ఖర్చులను వేరుచేయవచ్చునని ఈ ఏర్పాటు చూపుతుంది. ఇంటి వాడుకనీరూ వాననీరూ ఒకే పక్కకాలువలో పారే మన చిన్న పట్టణాలకు ఇది గమనించదగిన విషయం.

వైఫల్యాలూ ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ నగరం విధించిన వాననీటి రుసుమును ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో కొట్టివేసింది. పేరుకు రుసుము అయినా స్వభావంలో అది పన్నేనని, పన్నుకు ఓటర్ల ఆమోదం కావాలని తీర్పు చెప్పింది. మేరీలాండ్ రాష్ట్రం 2012లో పెద్ద స్థానికసంస్థలకు ఈ రుసుమును తప్పనిసరి చేసినప్పుడు విమర్శకులు దానికి 'వానపన్ను' అని పేరుపెట్టారు. ఆ పేరే ప్రచారంలో నిలిచింది. 2015లో ఆ నిర్బంధాన్ని తొలగించారు.

7. చట్టపరమైన ప్రశ్న:

భారత రాజ్యాంగంలో 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా పన్ను వేయడానికి వీలులేదు. 243-ఎక్స్ అధికరణం ప్రకారం పురపాలకసంస్థలు ఏ పన్నులు, రుసుములు వసూలు చేయాలో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టమే నిర్ణయిస్తుంది. కాబట్టి తిరువూరు పాలకవర్గం ఒక తీర్మానంతో కొత్త రుసుమును సృష్టించలేదు. మునిసిపాలిటీల చట్టంలో దానికి స్పష్టమైన ఆధారం ఉండాలి.

రుసుముకూ పన్నుకూ భేదాన్ని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరించింది. రుసుము ఒక సేవకు ప్రతిఫలమని, వసూలైన సొమ్ము ఆ సేవకు కేటాయించాలని ఆ తీర్పు సారాంశం. తరువాతి తీర్పులలో ఈ నియమం కొంత సడలింది. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ రుసుముల పెంపుపై వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు, సేవకూ రుసుముకూ లెక్కకు లెక్క సరిపోవలసిన పనిలేదని, స్థూలమైన సంబంధం ఉంటే చాలునని చెప్పింది. ప్రతి ఇంటి ముందు కాలువకు ఎంత ఖర్చయిందో చూపనవసరం లేకపోయినా, మొత్తం వసూలుకూ మొత్తం వాననీటి ఖర్చుకూ సంబంధం చూపాలన్నది దీని నుంచి తేలే విషయం.

రుసుముకు మరో ప్రయోజనం ఉంది. 285వ అధికరణం కేంద్రప్రభుత్వ ఆస్తులను రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయిస్తుంది. సేవలకు ప్రతిఫలం విషయంలో మాత్రం, రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వివాదంలో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం, కేంద్రప్రభుత్వ ఆస్తులు పొందే సేవల స్థాయిని బట్టి ఆస్తిపన్నులో 75, 50, 33.33 శాతం చొప్పున సేవారుసుము చెల్లించాలి. ప్రార్థనాస్థలాలు, కార్యాలయాలు వంటి పన్ను మినహాయింపు ఉన్న ఆవరణల కప్పుల మీద కూడా వాన పడుతుంది. వాటిని కూడా పరిధిలోకి తేగలిగినది రుసుమే.

8. చీరాల నుంచి చెత్తపన్ను దాకా:

చట్టం ఒప్పుకున్నది జనం ఒప్పుకోకపోవచ్చు. ఆంధ్రదేశంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ చీరాల-పేరాల ఉద్యమం. 1919లో ఈ జంటగ్రామాల యూనియన్‌ను ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చింది. పన్నుల భారం పలురెట్లు పెరిగింది. చేనేతపై బతికే పేద జనాభా ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లలో, పెరిగిన పన్నుకు తగిన సౌకర్యం అందదన్న అభిప్రాయం బలపడింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఊరు విడిచి మునిసిపల్ పరిధి వెలుపల రామనగరం పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. జాతీయోద్యమంలో భాగంగా దీనిని చదవడం పరిపాటి. పల్లె పట్టణంగా మారే దశలో సేవకూ చెల్లింపుకూ మధ్య విశ్వాసం చెదిరితే ఏమవుతుందో చెప్పే ఘటనగా కూడా దీనిని చదవవచ్చు.

ఇటీవలి అనుభవం చెత్తపన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ సంకల్పం కార్యక్రమంతో పాటు పట్టణాలలో ఇంటింటి చెత్తసేకరణకు వినియోగరుసుము వచ్చింది. ఇళ్లకు నెలకు గరిష్ఠంగా 120 రూపాయలు. ప్రభుత్వపత్రాలలో అది వినియోగరుసుము. జనవ్యవహారంలో మొదటినుంచీ అది చెత్తపన్ను. 2024లో ప్రభుత్వం మారిన తరువాత, సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో దాని రద్దును ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఈ పేరుమార్పు యాదృచ్ఛికం అనిపించదు. ఆస్తిపన్నులో పారిశుద్ధ్యభాగం ముందే చెల్లిస్తున్నవారికి అదే పనికి మరో చెల్లింపు వచ్చింది. వాడుక ఎంతైనా ఒకే తరగతి ఇళ్లకు ఒకే మొత్తం. చెత్త తగ్గించినా రుసుము తగ్గదు. కొలతా రాయితీ లేని చెల్లింపును జనం పన్ను అని పిలవడంలో భాషాపరంగా తప్పు లేదు. శిరూరు మఠం తీర్పు చెప్పిన భేదాన్నే వారు తమ మాటలో చెప్పారు.

9. తిరువూరుకు అన్వయం:

పై అంశాలను బట్టి తిరువూరు వంటి పట్టణంలో వాననీటి రుసుము ఎంతవరకు సాధ్యమో అంచనా వేయవచ్చు.

మొదటిది పరిధి. తిరువూరు ప్రాంతం మున్నేరు పరీవాహక వ్యవస్థకు చెందిన కట్టలేరుకు దగ్గరగా ఉంది. వాగులు పురపాలక హద్దులను పాటించవు. బుడమేరు మైలవరం కొండల వైపు పుట్టి, విజయవాడ మీదుగా కొల్లేరుకు చేరుతుంది. నీరు పుట్టేచోట ఒక స్థానికసంస్థ, నీరు ముంచేచోట మరొకటి. హద్దుకు వెలుపలి నీటికి పట్టణవాసుల నుంచి రుసుము వసూలు చేయడం న్యాయం కాదు. వాగులు, గట్ల బాధ్యత రాష్ట్ర నీటివనరుల శాఖది. పెద్ద కాలువల నిర్మాణం గ్రాంటుతో జరగాలి. వీధికాలువల నిర్వహణ, పూడికతీత, కుంటల కలుపుకాలువల సంరక్షణ మాత్రమే రుసుము పరిధిలో ఉండదగినవి.

రెండోది రాబడి. ఒక పట్టణంలో 8,000 సమగృహ ప్రమాణాలు ఉన్నాయనుకుని, ప్రమాణానికి నెలకు 20 రూపాయలు విధించి, పూర్తిగా వసూలైందనుకుంటే ఏడాదికి 19.2 లక్షల రూపాయలు. ఇది కేవలం లెక్క విధానాన్ని చూపే ఊహ. ఈ మొత్తంతో కొత్త కాలువల వ్యవస్థ కట్టలేరు. వానాకాలానికి ముందు పూడిక తీయడానికి, గండిపడిన గోడ బాగుచేయడానికి ఇది ఉపయోగపడుతుంది. రుసుము నుంచి అంతకుమించి ఆశించడం దానిని ముందే విఫలం చేయడం.

మూడోది న్యాయం. రేకుల ఇంట్లో ఉండే కుటుంబానికి ఇంకని నేల తక్కువ. దాని వాటా కూడా తక్కువగానే తేలుతుంది. అయినా తరచూ పల్లంలో ఉండేది, మునిగేది ఆ ఇల్లే. ఎగువనుంచి నీరు పంపేవారు చెల్లించాలి, దిగువన మునిగేవారికి రక్షణ అందాలి అన్నది ఈ రుసుముకు నైతికాధారం. ఇంటికింత అని సమానంగా పంచితే ఆ ఆధారం పోతుంది. చిన్న ఇళ్లకు పూర్తి మినహాయింపు ఇచ్చి, పెద్ద ఆవరణలతో మొదలుపెట్టడం ఈ కారణంగా సబబు. కొలవవలసిన స్థలాల సంఖ్య తగ్గడం వల్ల పాలనాభారమూ తగ్గుతుంది.

నాలుగోది రోడ్లు. ఊరిలో విస్తారమైన ఇంకని నేల సిమెంటు రోడ్లదే. వాటి నీటికి పురపాలకసంస్థే బాధ్యురాలు. ఆ వాటాను సాధారణ నిధి నుంచి వాననీటి ఖాతాకు జమచేయకుండా, ఖర్చు మొత్తాన్ని ఇళ్లపై పంచితే లెక్కలో పొంతన ఉండదు.

ఐదోది ఖాతా. దశబంధం నిలిచినంతకాలం నిలవడానికి కారణం, ఏ నేల ఆదాయం ఏ చెరువుకు ముడిపడిందో ఊరందరికీ తెలియడం. వాననీటి రుసుముకు ప్రత్యేక ఖాతా ఉండాలి. ఏ వార్డులో ఏ కాలువకు ఎంత ఖర్చయిందో వార్డు సచివాలయంలో తెలుగులో ప్రదర్శించాలి. ఆస్తిపన్నులో ఇప్పటికే ఉన్న మురుగుపారుదల అంశంతో దీనికి సంబంధమేమిటో ముందుగా తేల్చాలి. ఒకే కాలువకు రెండుసార్లు వసూలు చేస్తున్నారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే చెత్తపన్ను చరిత్ర పునరావృతమవుతుంది.

10. ముగింపు:

 • వాననీటి రుసుము, ఆస్తిపన్ను వేరువేరు కొలమానాలపై నిలబడినవి. మొదటిది పారే నీటిని, రెండోది ఆస్తి విలువను కొలుస్తుంది. తెలుగువారికి పరిచితమైన నీటితీరువా మొదటిదానికి దగ్గరగా ఉంది.

 • రాజ్యాంగం, ఆర్థికసంఘం, కేంద్రపథకాలు చిన్న పట్టణాల వాననీటి పారుదలకు ప్రత్యేకస్థానం ఇవ్వలేదు. నిర్వహణకు స్థానికంగా స్థిరమైన ఆదాయం అవసరం.

 • ఈ రుసుము వీధికాలువల నిర్వహణకే సరిపోతుంది. వాగుల నియంత్రణకూ, పెద్ద నిర్మాణాలకూ ఇది ప్రత్యామ్నాయం కాదు.

 • రాష్ట్ర చట్టంలో స్పష్టమైన ఆధారం, ప్రత్యేక ఖాతా, విస్తీర్ణాన్ని బట్టి కొలత, ఇంకుడుగుంతలకు రాయితీ అన్న నాలుగూ కలిసి ఉంటేనే అది చట్టం దృష్టిలోనూ జనం దృష్టిలోనూ రుసుముగా నిలుస్తుంది.

 • చీరాల-పేరాల, చెత్తపన్ను అనుభవాలు రెండూ ఒక విషయాన్ని తెలుపుతున్నాయి. చెల్లింపుకు పాలకులు పెట్టిన పేరును కాక, అందిన సేవను బట్టి తాము నిర్ణయించిన పేరునే జనం వాడుకచేస్తారు.

తిరువూరు ఇంకా సంధిదశలోనే ఉన్న పట్టణం. ఇంకని నేల పెరిగిన తరువాత కాలువలు తవ్వడం కన్నా, నేల ఇంకుతున్నప్పుడే దానిని కాపాడటం తక్కువ ఖర్చుతో అయ్యే పని. నగరాలు ఆలస్యంగా నేర్చుకున్న ఈ పాఠాన్ని ముందుగా అమలుచేసే అవకాశం ఇలాంటి నగరపంచాయతీలకే ఉంది.